పాత డిస్కు మీద పేరు

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో చెప్పుల దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య ఒక కొట్టు ఉంది. లావుపాటి మనిషి పక్కకు తిరిగితే తప్ప లోపలికి పట్టడు. బోర్డు మీద ఏం రాసుందో ఎవరూ చదవరు. అందరూ దాన్ని "సంతోషి కాడ" అంటారు. కంప్యూటర్ మొరాయించినా, నెట్టు పోయినా, విండోస్ కొట్టించాలన్నా సంతోషి కాడికే పోతారు. బొగ్గు ఊళ్లో కంప్యూటర్లు తొందరగా ముసలివవుతాయి. పంకాలో పేరుకున్న నల్లదుమ్ము చూసి అది ఏ కాలనీ నుంచి వచ్చిందో సంతోషి చెప్పగలదు. చెప్పి ఊరుకోదు, యజమానిని తిట్టి పంపుతుంది కూడా.

"డ్యూటీ నుంచి రాంగనే మీరు తానం చేస్తరు గదా. దీనికి ఏడాదికి ఒక్కసారన్న దుమ్ము దులపరాదు?"

తిట్లు తిన్నవాళ్లే మళ్లీ వస్తారు. పని అంత శుభ్రంగా ఉంటుంది మరి. ఆమెకు ముప్పై ఆరేళ్లు. పాలిటెక్నిక్ చదివింది. శ్రీరాంపూర్‌లో పెళ్లి చేస్తే పద్నాలుగు నెలలకు సూట్‌కేసు పట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని అడిగినవాళ్లకు "ఆడ సిగ్నల్ లేదు" అని ఒకటే జవాబు. రెండోసారి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆమె చేతిలో ఎప్పుడూ వైరు కత్తిరించే ప్లయరు ఉంటుంది, నోట్లో అంతకన్నా పదునైనది ఉంటుంది.

సగం పని దుకాణంలో, సగం పని కాలనీ ఇళ్లలో. నీలం రంగు కేబుల్ చుట్ట భుజానికి వేసుకుని, స్కూటీ మీద పోయి, మిద్దె మీంచి మిద్దె మీదికి లైను లాగుతుంది. కేబుల్ లోపలి ఎనిమిది పోగులను రంగుల వరసలో పేర్చి, కొనకు పిన్ను నొక్కడం కళ్లు మూసుకుని చేస్తుంది. ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగిన మధ్యాహ్నం ఫోన్లు ఎక్కువ. ఇళ్లు అదిరి, రౌటర్ల వెనక పిన్నులు వదులవుతాయి. "మీ డబ్బా ఏం ఖరాబ్ కాలే, భూమి కదిలింది" అని చెప్పి, నొక్కి వస్తుంది.

ఆమె పనితనంలో ఒక పద్ధతి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి ఆగయ్య బొగ్గుబాయిలో ముప్పై ఒక్కేళ్లు ఎలక్ట్రీషియన్. భూమి లోపల మిషను మీద చెయ్యి పెట్టే ముందు కూలీలు అతన్ని కరెంటు ఆపమని అడిగేవాళ్లు. ఆగయ్య ఆపి, ఫ్యూజు పీకి, దానికి ఒక రేకు బిళ్ల కట్టి, అడిగినవాడి పేరు సుద్దతో రాసి జేబులో వేసుకునేవాడు. ఆ పేరు గల మనిషి పని ముగించి, తన కాళ్ల మీద నడిచొచ్చి చెయ్యి చాపితేనే ఫ్యూజు బయటికి వచ్చేది. ఒకసారి ఒక అధికారి "బొగ్గు ఆగిపోయింది, నాకియ్యి" అని అతని కాలరు పట్టుకున్నాడు. "బిళ్ల మీద మీ పేరు లేదు సార్" అన్నాడు ఆగయ్య. చెంపదెబ్బ తిన్నాడు, ఫ్యూజు మాత్రం ఇవ్వలేదు. పావుగంటకు చీకట్లోంచి బిళ్ల మీద పేరున్న పోశం నడిచొచ్చాడు. అంతసేపూ అతని రెండు చేతులూ కేబుల్‌లోనే ఉన్నాయి. అప్పటి నుంచి ఆగయ్యకు ఆ రూలు వేదమైపోయింది.

రిటైరై కూతురి దుకాణంలో కూర్చున్నాక కూడా ఆ వేదమే నడిచింది. ఎవరైనా విండోస్ కొట్టమని కంప్యూటర్ తెస్తే, సంతోషి పాత డిస్కును తుడిచెయ్యదు. దాన్ని పీకి, పేరు రాసిన చీటీ అంటించి, సొరుగులో వేస్తుంది. కొత్త డిస్కు బిగించి దాని మీద విండోస్ ఎక్కిస్తుంది. వారం వాడుకుని, ముఖ్యమైనదేదీ పోలేదని తేల్చుకున్నాక, చీటీ మీద పేరున్న మనిషి వచ్చి పాతది పట్టుకుపోవాలి. ఆ సంగతి బిల్లు కింద అచ్చువేసే ఉంటుంది. బిల్లు కింద ఏముందో చదివినవాడు ఖనిలో ఇంతవరకు పుట్టలేదు.

ఇంకో నియమం ఆమె సొంతం. కస్టమరు ఫైళ్లు తెరవదు, అడగకుండా కాపీ తియ్యదు. ఏడేళ్ల కింద అదే బజారులో ఇంకో దుకాణంవాడు రిపేరుకొచ్చిన కంప్యూటర్లోంచి ఒక పిల్ల ఫోటోలు తీసి పంచిపెట్టాడు. ఆ పిల్ల గోదావరి బ్రిడ్జి మీద నుంచి దూకబోతే ఎవరో జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు. వాడి దుకాణం అద్దాలు పగలగొట్టినవాళ్లలో సంతోషి ముందు వరసలో ఉంది. వాడి కీబోర్డుతో వాడినే బాదింది. ఆ తర్వాత వాడు ఊళ్లో కనబడలేదు.

ఇట్లాంటి మనిషి ఉపేందర్ ఇంటికి తన చేత్తో కన్ను పెట్టి వచ్చింది. చెప్పుకోవాల్సిన కథ అదే.

ఉపేందర్ ఓపెన్ కాస్ట్‌లో షావల్ ఆపరేటర్. రెండు మూడు ముద్దల్లో డంపరును నింపే మిషను నడుపుతాడు. నిదానం మనిషి, మెత్తని మాట. కాలనీలో ఎవరింట్లో చావైనా మొదట కనబడేది అతనే. ఏడాది కింద దుకాణానికొచ్చి, "చెల్లె, మేం డ్యూటీల ఉంటె క్వార్టర్లల్ల దొంగలు పడుతున్నరు. కెమెరాలు పెట్టాలె. నేను బాయి కాడ కూసోని ఫోన్ల చూడాలె" అన్నాడు. సంతోషి యైటింక్లైన్ కాలనీకి పోయి అతని క్వార్టర్లో రౌటర్ పెట్టింది, కెమెరా పెట్టింది, రికార్డంతా కంప్యూటర్లోకి వచ్చేటట్టు కలిపింది. ఉపేందర్ కెమెరాను కిటికీ పైన పెట్టమన్నాడు. "ఆడ వద్దన్నా, తలుపు మీది మూలకైతె రూం మొత్తం వస్తది" అని సలహా ఇచ్చింది సంతోషే. రౌటర్ ప్లగ్గు పెట్టడానికి వంటింటి గడప పక్క సాకెట్ ఎంచుకున్నదీ ఆమే.

ఉపేందర్ భార్య శోభ చాయ్ తెచ్చిచ్చి, కెమెరా వైపు చూస్తూ నిలబడింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, ఇద్దరు పిల్లల తల్లి.

"ఇది ఎప్పుడు బందయితదక్కా?"

"కరెంటు పోతెనే. లేకుంటె బందయ్యే ముచ్చట లేదు," అంది సంతోషి గర్వంగా. శోభ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆ మొహం అప్పుడు చదవలేకపోయినందుకు సంతోషి తర్వాత తనను తాను క్షమించుకోలేదు.

మొన్న సోమవారం పొద్దున ఉపేందర్ కంప్యూటర్ పెట్టెను బండి మీద పెట్టుకుని వచ్చాడు. కుడి చేతి వేళ్ల కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి.

"చెయ్యికేమైందే అన్నా?"

"షావల్ తలుపు పడ్డది. చెల్లె, దీనికి విండోస్ కొట్టాలె. లోపల ఒక్క ముక్క గూడ ఉండొద్దు. కడిగినట్టు గావాలె."

"పిల్లల ఫోటోలు గిట్ల ఉంటయేమో చూస్కోరాదు?"

"ఏమద్దు. అన్ని కొట్టు."

అంతలో ఫోను మోగితే రోడ్డు మీదికి పోయాడు. సంతోషి అలవాటు ప్రకారం పాత డిస్కు పీకి, చీటీ అంటించి, సొరుగులో వేసింది. కొత్తది బిగించింది. తెర మీద కొత్త విండోస్ నీలిరంగు పరుచుకున్నప్పుడు ఉపేందర్ వచ్చి చూసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. బిల్లు మడిచి జేబులో పెట్టుకుపోయాడు.

మర్నాడు సాయంత్రం వాళ్ల పక్క క్వార్టర్ మల్లక్క రౌటర్ పట్టుకుని వచ్చింది. లైట్లు వెలగడం లేదట. మాటల్లో మాటగా, శోభ శనివారం నుంచి దవాఖానలో ఉందని చెప్పింది.

"బాత్రూంల జారిపడ్డదట. చెయ్యి ఇరిగింది, పక్కటెముకలు ఇరిగినయి." మల్లక్క గొంతు తగ్గించింది. "బాత్రూంల జారితె రెండు కండ్లు వాస్తయా సంతోషీ? నువ్వే చెప్పు. నేనన్ననని అనకు."

సంతోషికి చెక్కుకుపోయిన కణుపులు గుర్తొచ్చాయి. ఒక్క ముక్క కూడా ఉండొద్దన్న మాట గుర్తొచ్చింది. మల్లక్క పోయాక, ఏడేళ్లుగా దాటని గీత దాటింది. సొరుగులోంచి ఉపేందర్ పేరున్న డిస్కు తీసి తన కంప్యూటర్‌కు తగిలించింది.

తెర మీద హాలు మొత్తం కనబడింది. తలుపు, మంచం, వంటింటి గడప, ఏ మూలా తప్పిపోలేదు. అంత బాగా పెట్టింది కెమెరాను. శనివారం పదకొండింటికి బొమ్మ ఆగిపోయింది. ఏడు నిమిషాల తర్వాత మళ్లీ మొదలైంది. అప్పటికి రౌటర్ ప్లగ్గు మళ్లీ సాకెట్లో ఉంది, శోభ మిక్సీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోతోంది. చట్నీ రుబ్బుకోవడానికి ఆ సాకెట్ వాడుకుంది, అంతే. ఆ ఏడు నిమిషాలు బాయి దగ్గర ఉపేందర్‌కు ఫోన్లో ఇల్లు కనబడి ఉండదు.

మూడు నలభైకి అతను ఇంటికొచ్చాడు. టిఫిన్ డబ్బా మేకుకు తగిలించాడు. బూట్లు విప్పాడు. రికార్డులో మాట వినబడదు. అతను వేలితో రౌటర్‌ను చూపించాడు, శోభ మిక్సీని చూపించింది. అతను చెంప మీద కొట్టాడు. ఆమె గోడకు తగిలి నిలదొక్కుకుంది. మళ్లీ కొట్టాడు, ఈసారి పిడికిలితో. ఆమె పడిపోయాక విప్పిన బూటు చేతిలోకి తీసుకున్నాడు. బాయి బూటు ముందు భాగంలో ఇనుము ఉంటుంది, మనిషి కాలు నలగకుండా కంపెనీ ఇచ్చే రక్షణ అది. దానితో చేతి మీద కొట్టాడు, పక్కటెముకల మీద కొట్టాడు, అడ్డం పెట్టుకున్న అరచేతుల మీంచి మొహం మీద కొట్టాడు. మధ్యలో ఒకసారి ఆగి చెంబుతో నీళ్లు తాగాడు. తాగి మళ్లీ వచ్చాడు. మొత్తం పదకొండు నిమిషాలు. చివర్న అలిసిపోయి మంచం మీద కూర్చుని తలెత్తాడు. నేరుగా కెమెరాలోకి చూశాడు. తెర ఇవతల సంతోషి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

లేచి దుకాణం వెనక మోరీలో కక్కుకుంది. గోడలకు చెవులుంటాయంటారు. ఆ గోడకు కన్ను పెట్టింది తను. ఆ కంటికి జడిసి ఒక ఆడది ఏడాదిగా తన ఇంట్లో తాను దొంగలాగ తిరిగింది. ఉపేందర్ మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకు రెండింతలు వచ్చింది. ఆగయ్య "ఏమైంది బిడ్డా" అని అడిగితే, "కడుపుల మంచిగ లేదు" అంది. అట్లాంటి దృశ్యం గురించి తండ్రితో ఏ నోటితో చెప్పాలి? చెప్పకపోవడం తప్పని మర్నాటికి తెలిసొచ్చింది.

కాపీ తీద్దామని చెయ్యి పోయింది. కానీ అందులో ఉన్నది శోభ ఒళ్లు, శోభ అవమానం. ఆమెను అడగకుండా తీస్తే బ్రిడ్జి దాకా పోయిన పిల్ల ఫోటోలు తీసినవాడికీ తనకూ తేడా ఏముంటుందనుకుంది. డిస్కు సొరుగులో పెట్టి, బుధవారం మధ్యాహ్నం చూసేవాళ్లను రానిచ్చే వేళకు దవాఖానకు పోయింది.

ఆడవాళ్ల వార్డులో శోభ పక్కన స్టూలు మీద అత్త కనకవ్వ కాపలా కూర్చుని ఉంది. శోభ మొహం వాపుకు ఆకారం తప్పింది. ముందు పన్ను ఒకటి వదులై వేలాడుతోంది. కనకవ్వ వేడినీళ్ల కోసం ఫ్లాస్కు పట్టుకుని లేచాక, సంతోషి మంచం మీదికి వంగింది.

"శోభా, ఆ కెమెరాల అంత రికార్డయింది. పాత డిస్కు నా కాడనే ఉన్నది."

"చూసినవా?"

"చూసిన."

"మొత్తమా?"

"మొత్తం."

శోభ మంచి చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. "నేను చెప్తె ఎవరు నమ్ముతరక్కా? లోకానికి మంచోడాయె. మా అమ్మగారోల్లు గూడ సర్దుకపొమ్మన్నరు. రేపు ఇడుస్తమన్నరు ఈడికెంచి. ఇంటికి పోతె ఈసారి నేను లేవ."

"ఆ డిస్కు పోలీసోల్ల ముంగట పెడత. అప్పుడు చెప్తవా?"

"పెట్టు. అది ముంగట ఉంటె చెప్త."

కనకవ్వ ఫ్లాస్కుతో తలుపు దగ్గరే నిలబడి ఉందని ఇద్దరూ చూడలేదు. ఆమె వరండా చివరికి పోయి కొడుక్కు ఫోను చేసింది. కన్నతల్లి కదా, ఆమెకు తోచిన న్యాయం ఆమె చేసింది.

సంతోషి తిరిగొచ్చేసరికి ఉపేందర్ బండి దుకాణం ముందు అడ్డంగా ఉంది. లోపల ఆగయ్య కళ్లద్దాలు సవరించుకుని డిస్కు మీది చీటీ చదువుతున్నాడు. "ఉపేందర్, యైటింక్లైన్ కాలనీ. నీ పేరేనాయె బిడ్డా." పేరు గల మనిషి తన కాళ్ల మీద నడిచొచ్చి చెయ్యి చాపాడు. ముప్పై ఒక్కేళ్లుగా ఆగయ్యకు అంతకుమించి అడగడం తెలియదు.

"బాపూ, ఇయ్యకు," అంది సంతోషి.

అప్పటికే ఇచ్చాడు.

సంతోషి గడపకు రెండు చేతులూ అడ్డం పెట్టింది. దుకాణం ఇరుకుతనం మొదటిసారి పనికొచ్చింది.

"జరుగు చెల్లె," అన్నాడు ఉపేందర్ మెత్తగా. "డ్యూటీకి టైమైతాంది."

"అది ఆడ పెట్టి పో."

అతను మోచేత్తో ఆమె మూతి మీద కొట్టాడు. పెదవి చీలింది. ఆమె కదల్లేదు. జుట్టు పట్టుకుని పక్కకు లాగబోతే, నడుముకున్న ప్లయరు తీసి అతని మణికట్టు మీద పొడిచింది. కొన లోపలికి దిగింది. అతను అరిచి డిస్కు వదిలేశాడు. ఇద్దరూ దాని కోసం ఒకేసారి వంగారు. ఆమె దాన్ని కడుపు కింద పెట్టుకుని బోర్లా పడుకుంది. అతను వీపు మీద తన్నాడు, నడుము మీద తన్నాడు. ఆమె పక్కనే పడున్న కేబుల్ చుట్టను అతని కాళ్లకు తగిలించి గుంజితే అతనూ కిందపడ్డాడు, మోకాలు కౌంటరు అంచుకు కొట్టుకుంది. ఆ నొప్పితో మంచితనపు తోలు పూర్తిగా ఊడిపోయింది. లేచి, అలమరలోంచి పాత యూపీఎస్‌ను లాగాడు. బ్యాటరీతో కలిపి చిన్నపిల్లవాడంత బరువుంటుంది. దాన్ని ఎత్తి ఆమె మీద వేశాడు. భుజం మీద పడి, తల మీదికి దొర్లింది.

ఆగయ్య వెనక నుంచి అతని చొక్కా పట్టుకున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి. ఉపేందర్ ఒంటి చేత్తో విసిరితే రౌటర్ డబ్బాల మీద పడ్డాడు. చెప్పుల దుకాణం వాడు షట్టరు సగం దించుకుని ఆ సగంలోంచి చూశాడు. బజారులో ఒక్కడూ లోపలికి రాలేదు. ఇంటి లొల్లి అయ్యుంటుందిలే అనుకున్నారట, తర్వాత చెప్పారు.

ఉపేందర్ ఆమెను కాలితో దొర్లించి, డిస్కు తీసి, గడప బండ మీద పెట్టాడు. యూపీఎస్ అంచుతో నాలుగుసార్లు మోదాడు. లోపల అద్దం పగిలినట్టు చప్పుడైంది. ఐదోసారి మోదితే మూత ఊడి, పెళుసు ముక్కలు రోడ్డు మీదికి చిందాయి. అతను గడియారం చూసుకున్నాడు. రెండుంబావు. డ్రమ్ములోంచి నీళ్లు ముంచుకుని చేతులు కడుక్కున్నాడు, మణికట్టుకు రుమాలు చుట్టుకున్నాడు, బండెక్కి డ్యూటీకి పోయాడు. ఈ ఊళ్లో కొందరు మగవాళ్లు పెళ్లాన్ని చావగొడతారు, అడ్డమొచ్చినవాళ్ల తల పగలగొడతారు. ఆ రోజు హాజరు మాత్రం తప్పనివ్వరు. దాన్నే క్రమశిక్షణ అని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు.

"పేరు చూసే ఇచ్చిన బిడ్డా," అన్నాడు ఆగయ్య. ఇంకా డబ్బాల మధ్యే కూర్చుని ఉన్నాడు.

"దొంగ చేతికి తాళాలిచ్చినవ్ బాపూ. నీ బాయి రూలు పాడుగాను. అండ్ల ఏమున్నదో ఎరికేనా నీకు?"

చెప్పింది. బూటు దగ్గర్నుంచి నీళ్లు తాగడం దాకా, దాచకుండా అంతా చెప్పింది.  ఆగయ్య లేచి, తువ్వాలు చింపి కూతురి తలకు కట్టాడు. ఆటోలో పోతున్నంతసేపూ సంతోషికి నొప్పి కన్నా ఒకటే బాధ. డిస్కు ముందు పెడితే చెప్తానంది శోభ. ఇప్పుడు ముందు పెట్టడానికి ఏమీ లేదు. రేపు ఆ పిల్ల ఆ క్వార్టర్‌కే పోతుంది.

దవాఖానలో నర్సు పెన్ను తీసుకుని, "ఎట్ల తగిలింది? జారిపడ్డవా?" అని అడిగింది. అది ఆమె తప్పు కాదు. రోజూ వచ్చే ఆడవాళ్లు ఆమెకు నేర్పిన ప్రశ్న అది.

"జారలే. ఉపేందర్ అనేటోడు కొట్టిండు. అట్లనే రాసుకోండ్రి."

నర్సు తలెత్తి చూసింది, అట్లాగే రాసింది, పోలీసులకు కబురు చేసింది. తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. భుజం ఎముక చిట్లింది. సాయంత్రం దాకా కనిపెట్టి చూడాలని ఆడవాళ్ల వార్డులో మంచం ఇచ్చారు. సంతోషి ఆ మంచం మీద ఉండలేదు. సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ మూడు మంచాలు దాటి శోభ దగ్గరికి పోయి కూర్చుంది. కనకవ్వ స్టూలు మీద బిగుసుకుపోయింది.

"డిస్కు పాయె శోభా," అంది సంతోషి. "పలగ్గొట్టిండు. కాపీ గూడ లేదు. నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయిన. నా కాడ ఇగ ఈ తలకాయ తప్ప ఏం లేదు."

శోభ ఆ తెల్లకట్టు వైపు, దాని మీద పూసిన ఎరుపు వైపు చూసింది. సంతోషి ఏడ్చింది.

నాలుగింటికి కానిస్టేబుల్ ఎల్లేశం కాగితాలు పట్టుకుని వచ్చాడు. సంతోషి జరిగింది జరిగినట్టు చెప్పింది. కెమెరా తనే పెట్టిన సంగతి కూడా దాచలేదు.

"చూసినోల్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు ఎల్లేశం.

ఆగయ్య గోడ పక్క నుంచి ముందుకొచ్చాడు. కనకవ్వ లేచి అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగన్నా, మా ఆయిన నువ్వు ఒక్క బాయిల చేసిండ్రు. ఒక్క గంపల అన్నం తిన్నరు. నా కొడుకు నోటికాడి కూడు తియ్యకు. యూనియనోల్లను పిలిచి మాట్లాడుకుందం. నీ కాళ్లు మొక్కుత."

ఆగయ్య ఆమె చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. "కనకవ్వా, ఫ్యూజుతోని పాటు నీ పెనిమిటి పానం నా జేబుల పెట్టుకొని తిరిగినోన్ని. ఆయిన బతికుంటె ఇయ్యాల నా పక్కనే నిలబడుతుండె. సారూ, రాసుకో. ఆగయ్య, రిటైర్డ్ ఎలక్ట్రీషియన్. ఆ డిస్కు తెలివి తక్కువై వాని చేతిల పెట్టింది నేనే. వాడు నా బిడ్డ తల పలగ్గొడుతుంటె చూసింది నేనే. యాడ సంతకం పెట్టాలె?"

సంతకం పెట్టి పక్కకు జరిగాడు. ఎల్లేశం కాగితం మడవబోతూ మంచం మీది మొహాన్ని చూశాడు. అంత వాచిన మొహాన్ని చూడకుండా ఉండడం కష్టం.

"నీకేమైందమ్మా?"

"బాత్రూంల జారింది సార్," అంది కనకవ్వ.

"ఆమెను అడుగుతున్న."

శోభ పెదవులు విప్పింది. కనకవ్వ ఒక్క అంగలో మంచం మీదికి వంగి, అరచెయ్యి ఆమె నోటి మీద వేసి అదిమింది. "పిల్లగాండ్ల మొఖం చూడు బిడ్డా. కొలువు పోతది. క్వార్టర్ కాలి చెయ్యమంటరు. రోడ్డు మీద పడ్తం అందరం. నేను గూడ పడ్డ దెబ్బలే. మీ మామ కొట్టలేదా నన్ను? నేను బతకలేదా?" ఆ చెయ్యి వాపు మీద, వేలాడే పన్ను మీద పడి శోభ కళ్లలో నీళ్లు చిమ్మాయి. సంతోషి లేవబోయి, తల తిరిగి స్టాండు పట్టుకుంది.

శోభ కొరికింది. ఉన్న పళ్లన్నిటితో ఆ అరచేతి కండ పట్టుకుని, వదలకుండా కొరికింది. కనకవ్వ కేక వేసి చెయ్యి గుంజుకుంది. దుప్పటి మీద రక్తం పడింది, అందులో ఇద్దరిదీ ఉంది. వదులు పన్ను ఊడి వచ్చింది. శోభ దాన్ని ఉమ్మేసి, మంచి చేత్తో మూతి తుడుచుకుంది.

"జారలే సార్," అంది. "మా ఆయిన కొట్టిండు. మొన్న బూటుతోని. అంతకు ముందు బెల్టుతోని. పెండ్లయిన కాడికెంచి కొడుతనే ఉన్నడు. రాసుకో."

ఎల్లేశం కొత్త కాగితం తీశాడు. వార్డులో మిగతా మంచాల మీది ఆడవాళ్లు లేచి కూర్చున్నారు. కనకవ్వ కొంగుతో చెయ్యి చుట్టుకుని, స్టూలు మీద కూలబడి, నోట కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

"మనిషి యాడ ఉన్నడు ఇప్పుడు?" అడిగాడు ఎల్లేశం.

శోభ గోడ గడియారం వైపు చూసింది. నాలుగు దాటి ఇరవై నిమిషాలైంది.

"ఈ వారం సెకండ్ షిఫ్టు. షావల్ మీదనే ఉంటడు, పదకొండు దాక ఎటు పోడు. ఇప్పుడు పోతె దొరుకుతడు."